‘సహ.’ అంటే ఏమిటి

సిస్టరమ్మ మూడో పెట్టెను కూడా మాస్టారి గదిలోంచి బయటికి ఈడ్చింది. ఒకప్పుడు ఆస్పత్రికి సెలైన్ సీసాలు మోసిన అట్టపెట్టె అది. అడుగు మెత్తబడిపోయింది. గడప దగ్గర చిరుగుతుందని వంగి, కింద చెయ్యి వేసి, నెమ్మదిగా దాటించింది. కోపంలో ఉన్నా ఆవిడ చేతులకు తొందరపాటు తెలియదు.

మాస్టారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. లేవలేదు, వద్దనలేదు. కళ్ళజోడు తీసి తుడవడం, పెట్టుకోవడం, మళ్ళీ తీసి తుడవడం. మచ్చ కళ్ళజోడు మీదే ఉండుంటే ఈపాటికి పోయి ఉండేది.

"ఉండమ్మా, నేను పట్టుకుంటాను" అంటూ చుక్క ముందుకొచ్చింది.

"నువ్వు పట్టుకోకు. ఈమధ్య నువ్వు పట్టుకున్నదేదీ తిన్నగా రావడం లేదు."

చుక్క చెయ్యి చాచినది చాచినట్టే ఉండిపోయింది. చుక్క ఆఫీసు నుంచి నెలపత్రం ఇంటికి వచ్చినప్పటినుంచి తల్లి ఇంట్లో ఎవరితోనూ పెదవి విప్పలేదు. విప్పిన మొదటి మాట ఇదీ.

అసలు పేరు బడి రిజిస్టరుకే గానీ ఇంట్లో ఆమె చుక్కే. అక్షరాలు కుదురుగా రాకముందే వాక్యం చివర చుక్క పెట్టడం నేర్చుకుందని తండ్రి ముద్దుగా పెట్టిన పేరది. పెద్దయ్యాక ఆ చుక్కలే ఆమెకు అన్నం పెడుతున్నాయి. కాలేజీలకు కావలసిన పరిశోధన గ్రంథాలు వేసే ప్రచురణ సంస్థలో ఉద్యోగం. ఆ సంస్థ నెలనెలా "కొత్త పుస్తకాలు, కబుర్లు" అని ఒక పత్రం పంపుతుంది. ఏ పుస్తకం వచ్చింది, ఏది రాబోతోంది, ఏ రచయితకు పురస్కారం దక్కింది, ఏ పాత గ్రంథం మళ్ళీ అచ్చయింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ పత్రానికి చుక్కే సంపాదకురాలు.

ఈ నెల పత్రంలో, నేలల మీద ఒక గ్రంథానికీ పాత కొలతల మీద మరో గ్రంథానికీ నడుమ, "నొప్పి మాటలు" అనే పుస్తకం రాబోతోందన్న వార్త వచ్చింది. మనుషులు తమ బాధను చెప్పుకోవడానికి వాడే మాటలన్నీ పోగేసి, ఏ మాట ఎక్కడ పుట్టిందో, ఏ నొప్పికి ఏ మాట పడుతుందో చెప్పే పుస్తకం. ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేస్తున్న సిస్టరమ్మ ఆ మాటలు పోగేసింది. కాలేజీలో భాషాశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు వాటి పుట్టుపూర్వోత్తరాలు రాశారు. పత్రంలో మాత్రం రచయిత అని మాస్టారి పేరు ఒక్కటే ఉంది. దాని కింద, సన్నటి అక్షరాల్లో, "సహకారం" అని సిస్టరమ్మ పేరు.

ఆ ఒక్క మాట ఇంట్లో నిప్పు రాజేసింది.

"ఏమిటర్రా ఈ రభస!" అంది అత్త, వసారాలో బీన్స్ ఈనెలు తీస్తూ. మాస్టారికి స్వయానా అక్కగారు. ఇంట్లో ఎవరికీ నోరు పెగలనప్పుడు అందరి వాటా ఆవిడే మాట్లాడేస్తుంది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు పుస్తకమే ఇంకా రాలేదు. అప్పుడే పేరు దగ్గర పేచీనా? అయినా సహకారమంటే మంచి మాటే కదా అమ్మాయ్. తిట్టు కాదుగా!"

"మంచి మాటే వదినా" అంది సిస్టరమ్మ, నడుము నిటారుగా చేసి. "వార్డులో అందరూ వచ్చి మరీ మెచ్చుకున్నారు. ‘సిస్టరమ్మా, మీవారి పుస్తకం వస్తోందట, మీరు సాయం కూడా చేశారటగా’ అని. నాకేం చెయ్యాలో తోచలేదు. అందరికీ టీ ఇప్పించాను."

అత్త చేతిలో బీన్స్ కాయ విరగకుండా ఆగింది. తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మనిషి. అయినా ఆ టీ మాటకు తలొంచుకుని పళ్ళెంలోకి చూసింది.

సిస్టరమ్మ పెట్టెను తన గదిలోకి చేర్చి తలుపు దగ్గరగా వేసుకుంది.

*

చుక్క తండ్రి గదిలోకి వెళ్ళింది. పెట్టెలు ఉండే చోట నేల మీద నలుచదరపు మరకలు తేలాయి. ఆ మూల అంత ఖాళీగా ఎప్పుడూ లేదు.

ఆ వార్త చుక్క చూసి పంపినది కాదు. కన్నవాళ్ళ పుస్తకం తన చేతిమీదుగా పోతే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారని, ఆ ఒక్క పుస్తకం వివరాలను కొత్తగా చేరిన సబ్ ఎడిటరుకు అప్పగించింది. న్యాయంగా ఉందామనుకుంది. న్యాయానికి పోతే ఇంట్లో ఇలా ఎదురు తన్నుతుందని ఎవరు అనుకుంటారు?

"నాన్నగారూ, మా ఆఫీసుకు పంపిన వివరాల్లో అమ్మ పేరు ముందు ఏమని రాశారు?"

"సహ. అని రాశాను. సహ, పక్కన చుక్క. నా రాత సంగతి నీకు తెలుసు కదా, అన్నీ పొట్టిగానే రాస్తాను."

"సహ. అంటే?"

"అంటే... సహరచయిత్రి. చదివినవాళ్ళకు అర్థమవుతుందనుకున్నాను."

అర్థం కాకపోవడానికి కారణముంది. ఆ సంస్థలో పొట్టి మాటలు విప్పడానికి ఒక పద్ధతి ఉంది. "సం." అంటే సంపాదకుడు, "అను." అంటే అనువాదకుడు, "సహ." అంటే సహకారం. బొమ్మలిచ్చిన ఆఫీసులు, టైపు చేసిపెట్టిన మేనల్లుళ్ళు ఎప్పుడూ ఉంటారు గనుక "సహకారం" కావలసి వచ్చింది. సహరచయిత అవసరమే పడలేదు. ఇద్దరు పండితులు కలిసి ఒక పుస్తకం మొదలుపెట్టడం జరిగింది గానీ, ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండగా అది పూర్తికావడం ఆ సంస్థ ఎన్నడూ చూడలేదు.

"మా సబ్ ఎడిటరు మీకు ఫోను చేశానంటోంది" అంది చుక్క.

మాస్టారు కళ్ళజోడు తుడవడం ఆపారు.

"సహ. అంటే ఏమని వెయ్యమంటారు మాస్టారూ అని అడిగిందట. నిజమేనా?"

కళ్ళజోడు పెట్టుకుని తల ఊపారు.

"మీరేం చెప్పారు నాన్నగారూ?"

"మీ పద్ధతి ప్రకారం వెయ్యండమ్మా, అన్నాను."

"మా పద్ధతేమిటో మీకు తెలియదా?"

కూతురు తయారుచేసే పత్రమని మాస్టారు ప్రతి నెలా దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు. ఎర్ర పెన్సిలు పెట్టుకుని మరీ చదువుతారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"తెలుసు" అన్నారు.

చుక్క మంచం అంచు మీద కూలబడింది.

"ఆ అమ్మాయి అడిగిన క్షణంలో నాకొకటి తోచింది" అన్నారు మాస్టారు, కిటికీ వైపు చూస్తూ. "నేను అబద్ధమాడటం లేదు. పద్ధతి ప్రకారం వెయ్యమంటున్నాను, అంతే కదా అని."

"నాన్నగారూ..."

"ఉండు, చెప్పనీ. నా దగ్గర చదువుకున్నవాళ్ళందరూ పుస్తకాలు వేశారు. వాళ్ళ సభలకు పిలుస్తారు. ముందు వరసలో కూర్చోబెడతారు. ‘మీదెప్పుడు మాస్టారూ’ అని ప్రతివాడూ నవ్వుతూనే అడుగుతాడు. నేనూ నవ్వుతూనే ‘వస్తుంది వస్తుంది’ అంటాను. ఇప్పుడు రెండు పేర్లుంటే ఏమంటారు? మాటలన్నీ ఆవిడవి, మరి ఈయన చేసిందేమిటి అంటారు. ఒక్కసారి, ఒక్క అట్ట మీద, నా పేరు ఒంటరిగా చూసుకోవాలనిపించిందే చుక్కా."

చుక్కకు కోపం రావాలి. జాలి వచ్చింది. జాలి వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఎంత గొప్ప మనిషి, ఎంత చిన్న ఆశ, దానికోసం ఎంత పని చేశారు!

"అట్ట ఇవాళ అచ్చుకెక్కుతోంది" అంది చివరికి. "దాని మీదా ఇదే మాట. మా మేనేజరుగారికి ఇప్పుడే ఫోను చేసి సరిచెయ్యండి. నేను మారిస్తే సొంత తల్లి కోసం మార్చిందంటారు. రచయిత చెప్పాలి."

"చేస్తాను."

"ఎప్పుడు?"

"చేస్తానన్నాను కదా!"

ఆ ఇంట్లో మాస్టారు గొంతు పెంచడం అరుదు. వసారాలో అత్త కూడా ఉలిక్కిపడి, "ఒరే, నెమ్మది" అంది. చుక్క తన ఫోను తీసి చేతిలో పట్టుకుని, తండ్రి తన ఫోను అందుకునేదాకా చూసి, బయటికి నడిచింది.

*

సిస్టరమ్మ నేల మీద కూర్చుని పెట్టె విప్పింది. చుట్టూ చీటీలు. పాత జ్వరం చార్టులు చింపి వాటి వెనక వైపు రాసినవి. ఒక్కో చీటీ మీద ఒక్కో మాట, కింద ఆ మాట అన్న మనిషి పని, నొప్పి ఉన్న చోటు. పేర్లు రాయలేదు. రోగి పేరు బయటికి చెప్పకూడదన్నది ఆవిడ నియమం.

చుక్క ఎదురుగా కూర్చుని ఒక చీటీ అందుకుంది. "జివ్వుమంటోంది. బస్సు డ్రైవరు, దవడ పన్ను." ఇంకొకటి. "తొలిచేస్తోంది. బడి పంతులమ్మ, చెవి." ఇంకొకటి. "నొప్పి కాదు సిస్టరమ్మా, నస. దర్జీ, మెడ."

"మొదలెలా పెట్టావమ్మా ఇదంతా?" అని అడిగింది. జవాబు తెలిసిన ప్రశ్నే. మాట కలపడానికి అడిగింది.

సిస్టరమ్మ చీటీలు సర్దుతూనే చెప్పింది.

"ఒకావిడ సలుపు అంది. పక్క మంచం మీదావిడ పోటు అంది. ఇంకొకావిడ మెలిపెడుతోందంది. డాక్టరుగారు ముగ్గురి కాగితాల మీదా నొప్పి అని రాసి వెళ్ళిపోయారు. ముగ్గురికీ ఒకటే మాత్ర. వాళ్ళంత వివరంగా చెప్పుకుంటే ఒక్కరైనా రాసిపెట్టాలి కదా అనిపించింది. అంతే."

"మరి నాన్నగారు?"

"మీ నాన్న చేసింది తక్కువేం కాదే" అంది సిస్టరమ్మ వెంటనే. ఆ వెంటనే అనడంలోనే ఎంతో ఉంది. "నేను పోగేసిందంతా ఒట్టి కుప్ప. సలుపుకీ పోటుకీ తేడా నాకు తెలుసు. ఆ తేడా మాటలో ఎక్కడ దాక్కుందో ఆయనకు తెలుసు. డ్యూటీ దిగి రాగానే ఈ పెట్టెలు మధ్యన పెట్టుకుని చెరో పక్కన కూర్చునేవాళ్ళం. ‘ఈ మాట అన్నప్పుడు ఆ మనిషి చెయ్యి ఎక్కడ పెట్టుకున్నాడు’ అని అడిగేవారు. నేను నటించి చూపించేదాన్ని. పొట్ట పట్టుకుని నవ్వుకునేవాళ్ళం, ఎవరి బాధకో నవ్వుతున్నామని మళ్ళీ నోరు మూసుకునేవాళ్ళం. కాపురం అనగానే నాకు గుర్తొచ్చేది అదే."

చుక్క మరికొన్ని చీటీలు చేతిలోకి తీసుకుంది.

"నాన్నగారు ఫోను చేసి మార్పిస్తానన్నారమ్మా."

"మంచిది. ఆఫీసుకు ఫోను చెయ్యడానికి తీరిక దొరికింది. ఇన్నాళ్ళలో ఈ గది దాకా రావడానికే కాళ్ళు రాలేదు." సిస్టరమ్మ చీటీలు కింద పెట్టి కూతురి మొహంలోకి సూటిగా చూసింది. "నువ్వొక్క నిజం చెప్పు. నీ మీద విసుక్కున్నాను, తప్పయితే ఏమీ అనుకోకు. ఈ పొరపాటు మీ ఆఫీసుదా, ఆయనదా?"

చుక్క నోరు తెరిచింది. మా ఆఫీసుదే అంటే సరిపోతుంది. ఈ ఇల్లు ఎప్పటిలా అయిపోతుంది. సాయంత్రానికి పెట్టెలు వాటి చోటికి వెళ్తాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

తల్లి ఎదురు చూస్తోంది. మంచం పక్కన నిలబడి, నొప్పి ఎక్కడో చెప్పమని అడిగి, రోగి చెప్పేదాకా ఎదురు చూసే చూపు. ఆ చూపు ముందు ఎవరు మాత్రం అబద్ధమాడగలరు?

చుక్క నోరు మూసుకుంది. తల పక్కకి తిప్పుకుంది.

"సరే" అంది సిస్టరమ్మ. "అర్థమైంది."

ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. తడిగా లేని చేతులు.

*

ఫోను చుక్కదే మోగింది. చేతి నిండా చీటీలు ఉండటంతో స్పీకరు నొక్కి నేల మీద పెట్టింది. మేనేజరుగారు.

"అమ్మా, అట్ట మెషిను మీదికి ఎక్కిస్తున్నాం. ఎందుకైనా మంచిదని నీకు చేశాను. ఇందాక మాస్టారు ఫోను చేశారు. నేలల పుస్తకం బాగుందన్నారు. కొలతల పుస్తకం కాగితం పలచగా ఉందన్నారు. ఇంకేదో చెప్పబోయి పెట్టేశారు. ఏమైనా విశేషమా?"

గడప అవతల చెప్పుల చప్పుడు ఆగింది. మాస్టారు వచ్చి అక్కడే నిలబడ్డారు. ఆయన వెనక అత్త, చేతిలో పళ్ళెంతో సహా.

చుక్క తండ్రి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

సిస్టరమ్మ ఫోను అందుకుంది.

"నమస్కారమండీ. పుస్తకం ఆపండి."

"ఎవరండీ మాట్లాడేది?"

"సహకారాన్ని మాట్లాడుతున్నాను."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"అందులో మాటలు నేను పోగేసినవి" అంది సిస్టరమ్మ. గొంతులో ఎక్కడా వణుకు లేదు. "అవి తీసేసి మిగిలింది అచ్చు వేసుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

"అయ్యో అయ్యో" అంది అత్త. "అమ్మాయ్, ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే అన్నట్టు... అది కాదు, నా మతి కూడా పోయింది. వాడు ఒక్క పుస్తకం కోసం బతుకంతా కళ్ళు కాయలు కాసేలా చూశాడే! ఆపెయ్యమంటే ఎలా?"

"నేనూ చూశాను వదినా. ఆయన పక్కనే కూర్చుని చూశాను."

"అమ్మా, ఒక్కమాట" అన్నారు మేనేజరుగారు, జాగ్రత్తగా. "మీరంటే మాకు చాలా గౌరవం. కానీ పుస్తకం ఆపమనే హక్కు రచయితలకే ఉంటుంది. సహకరించినవాళ్ళు అడిగితే ఆపలేను. మీరు సహరచయిత్రి అయితే మాత్రం మీ మాట చాలు, ఇప్పుడే ఆపేస్తాను. మీ సంతకం లేకుండా మళ్ళీ ఎక్కించను. మాకు వచ్చిన వివరాల్లో సహ. అని మాత్రమే ఉంది. దానికి అర్థం చెప్పాల్సింది మాస్టారే. దగ్గర్లో ఉన్నారా?"

విషయం చుక్కకు ముందుగా అర్థమైంది. తండ్రికి ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమవడం ఆయన మొహంలో కనిపించింది. సహరచయిత్రి అంటే పుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది. మళ్ళీ కదులుతుందో లేదో సిస్టరమ్మ చేతిలో ఉంటుంది. సహకారం అంటే పుస్తకం ఆయన ఒక్కడి పేరుతో ఈ పూటే అచ్చవుతుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ పుస్తకం తెరిచి చదివేవాళ్ళు ఉండరు.

"తమ్ముడూ" అంది అత్త. ఎటు వైపు చెప్పాలో ఆవిడకు మొదటిసారి తెలియలేదు.

సిస్టరమ్మ లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, గోడ ఆసరా తీసుకుంది. మాస్టారు అలవాటుగా చెయ్యి ముందుకు చాచారు. ఆ చేతిలో ఆవిడ ఫోను పెట్టింది.

"చెప్పండి" అంది. "మాటలకు అర్థాలు చెప్పడం మీ పనే కదా."

"నువ్వు... నిజంగానే ఆపేస్తావా?"

"అది తర్వాతి మాట. ముందు ఆయన అడిగిందానికి చెప్పండి."

"నాతో ఒక్క మాటైనా అనకుండా..."

"మీరు నాతో ఎన్ని మాటలన్నారు?"

చుక్క లేచి తండ్రి పక్కకి వెళ్దామనుకుంది. తల్లి పక్కకి వెళ్దామనుకుంది. కాళ్ళు రెండు వైపులకీ కదలక చీటీల మధ్యనే నిలబడిపోయింది.

"మాస్టారూ, లైన్లో ఉన్నారా?" అన్నారు మేనేజరుగారు. వెనక మెషిను మొదలైన చప్పుడు వినిపిస్తోంది. "మెషిను దగ్గరివాళ్ళకి ఇప్పుడే చెప్పాలండీ. సహ. అంటే ఏమని రాసుకోమంటారు?"

మాస్టారు భార్య వైపు చూశారు. పత్రం వచ్చిన తర్వాత ఆయన ఆవిడ కళ్ళలోకి చూడటం ఇదే మొదలు. ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుని, గొంతు సవరించుకున్నారు.

"సహ..." అన్నారు.

అంతవరకు రెండు మాటలూ ఒకటే.